ఆరు వరుసల మెనూ, అరవై ఒకటో పేజీ

పోయినవి ముందు లెక్క చెబుతాను. మూడో రిజిస్టరులో ముప్పై ఒకటో పేజీ నుంచి ఎనభై ఎనిమిదో పేజీ దాకా, యాభై ఎనిమిది పేజీలు. పేజీకి ఎనిమిది వరుసలు, వరుసకు ఒక కాన్పు. ముప్పయ్యో పేజీలో చివరి నంబరు 2288. ఎనభై తొమ్మిదో పేజీలో మొదటి నంబరు 2753. మధ్యలో 464 మంది. ఒక్కొక్కరికి ఆరు గడులు: తల్లి పేరు, తండ్రి పేరు, గల్లీ, పుట్టిన తేదీ, వేళ, బరువు. అంటే 2,784 గడులు. ఇవి కాక ఒక ఇనుప బీరువాలోని తొమ్మిది అసలు రిజిస్టర్లు. ఒక నర్సు కూర్చునే కుర్చీ. ఒక ఆడమనిషి ఉద్యోగంలో మూడేళ్లు.

వీటిలో ఏదీ కంప్యూటర్ చెడిపోయి పోలేదు. అది నేను చెప్పినట్టే చేసింది.

ఇరవై రెండేళ్లు గౌలిపురలో చిన్న దుకాణం పెట్టుకుని, ఇతరులు పారేద్దామనుకున్న కంప్యూటర్లకు తేలికపాటి లినక్స్ ఎక్కించి, మళ్లీ పనికొచ్చేలా చేసి ఇవ్వడం నా వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కళ్లు సహకరించక పోయినేడు దుకాణం మూసేశాను. ఇదే పనిలోకి వస్తున్న కొందరు నా అనుభవం రాయమన్నారు. బాగుచేసినవాటి గురించి రాస్తే గొప్పలవుతాయి. అందుకని ఒక్క చోట చేసిన తప్పునే వివరంగా రాస్తున్నాను.

గఫార్ సాబ్ దగ్గర

కంప్యూటర్ కంటే ముందు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. లారీ నుంచి హమాలీ ఒక్కో బస్తా మోసుకుపోతుంటే కాగితం మీద ఒక్కో గీత పెట్టాలి. ఒక్కోసారి గీత ఎక్కువ పడుతుంది. దాన్ని కొట్టేయాలంటే అక్కడ ఒక పద్ధతి ఉండేది. లెక్క రాసేవాడు కలం ఆపి, "కాటూఁ క్యా?" అని, అంటే కొట్టేయనా అని, గట్టిగా అడగాలి. హమాలీ వెనక్కి తిరిగి బస్తాల వైపు చూసి, "కాటో" అనాలి. అప్పుడే గీత కొట్టేయాలి.

నాకు అది టైం దండగ అనిపించేది. ఒకరోజు అడగకుండా కొట్టేశాను. మా యజమాని గఫార్ సాబ్ గద్దె మీద నుంచి చూశాడు.

"అడగకుండ ఎందుకు కాటినవ్ నర్సింగ్?"

"ఎక్కువ పడ్డది సాబ్. నాకు సాఫ్ కనవడుతుంది."

"నీకు కనవడ్డది. మోసినోనికి కనవడ్డదా?"

"లెక్క కరెక్టే ఉన్నది సాబ్, చూడుండ్రి."

"లెక్క కరెక్టే. నీకు లెక్కవెట్టుడు మస్తొస్తది. అడుగుడే రాదు."

హమాలీలు నవ్వారు. సాయంత్రం లెక్క చూస్తే నాదే సరిగ్గా తేలింది. దాంతో నేనే గెలిచాననుకున్నాను. గఫార్ సాబ్ అన్న మాట నాకు ఎక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఒక్క వరుస మార్చితే

ఈ పనిలోకి వచ్చేవాళ్లు మొదట రెండు విషయాలు తెలుసుకోవాలి. మెనూలో కనిపించే ప్రతి పేరు వెనుక ఒక చిన్న ఫైలుంటుంది. దాంట్లో 'చూపించవద్దు' అని ఒక వరుస చేరిస్తే ఆ పేరు మెనూలోంచి పోతుంది, ప్రోగ్రాం మాత్రం లోపలే ఉంటుంది. రెండోది, ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలో చెప్పే పట్టిక. మీరు డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ పట్టికను చూసుకుంటుంది. మీరు అందులో ఏమీ రాయకపోయినా ఏదో ఒక ప్రోగ్రాంతో తెరుస్తుంది. అది మీకు కావలసినదే కానక్కర్లేదు.

బార్కస్‌లో సాలే భాయ్ అని జిరాక్సు దుకాణం నడిపే ఆయన ఉండేవాడు. పిల్లల పరీక్ష ఫారాల రోజుల్లో దుకాణం ముందు వరుస రోడ్డు దాకా వచ్చేది. కంప్యూటర్ చచ్చిపోయిందనీ, కొత్తది కొనాలనీ కబురు పెట్టాడు. వెళ్లి చూశాను. పీడీఎఫ్ మీద క్లిక్ చేస్తే ఫొటోలు దిద్దే పెద్ద ప్రోగ్రాంతో తెరుచుకుంటోంది. వాచీ పెట్టి చూస్తే నిమిషం యాభై సెకండ్లు. పట్టికలో ఒక వరుస మార్చి, చిన్న ప్రోగ్రాం పేరు రాశాను. నాలుగు సెకండ్లకు వచ్చింది.

"ఏం జేసినవ్ భాయ్? లోపల సామాను మార్చినవా?"

"ఒక లైన్ మార్చిన."

"ఒక లైన్‌కు గింత ఫరకా? మరి అంతకుముందు గా లైన్ ఎవడు రాసిండు?"

"ఎవ్వరు రాయలే. రాయకుంటే అదే ఒకటి పట్టుకుంటది."

"మా అల్లుని తీరుగ" అన్నాడు సాలే భాయ్. వరుసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

ఆ తర్వాత నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడికి వెళ్లినా తీసేయడమే. నలభై మూడు పేర్ల మెనూను పన్నెండుకు, పన్నెండును ఎనిమిదికి, ఎనిమిదిని ఆరుకు తగ్గించేవాణ్ణి. ఎన్ని క్లిక్కులు తగ్గాయో, ఎన్ని సెకండ్లు మిగిలాయో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. తీసేసినవి ఎవరికైనా కావాలా అని రాసుకున్న పేజీ ఆ నోటుబుక్కులో ఒక్కటీ లేదు.

బీరువా ఖాళీ చేయడం

మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ఉంది. చాలా పాతది. దాన్ని నడిపే డాక్టరమ్మది కోస్తా వైపు ఊరు. ఆమె పిలిపించి, తొమ్మిది పాత రిజిస్టర్లున్న బీరువా చూపించింది.

"చెదలు పట్టేస్తున్నాయండీ నర్సింగ్ గారూ. ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టేస్తే బీరువా తీసేసి ఇక్కడ స్కానింగ్ మిషను పెట్టుకుంటాను. కుదురుతుందాండీ?"

కుదురుతుందన్నాను. పాత కంప్యూటర్ ఒకటి సిద్ధం చేసి, రెండు వారాలు కూర్చుని ప్రతి పేజీనీ ఫొటో తీశాను. రికార్డులు చూసుకునేది మరియమ్మ సిస్టర్. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే నర్సు. మోకాళ్లు అరిగాక వార్డులో తిరగలేక రికార్డుల గదిలో కుర్చీ ఇచ్చారు.

"ఇగ ఈ పాత పుస్తకాలు రద్దీకి ఇచ్చేయొచ్చు సిస్టర్" అన్నాను.

"జర ఆగు నర్సింగ్. ఫొటోలు నేనొక్కసారి చూస్త. చూసినంక ఇద్దాం."

"చూసుడెందుకు? పదకొండు వందల యాభై రెండు పేజీలు. పదకొండు వందల యాభై రెండు ఫొటోలు. లెక్క కుదిరింది."

"లెక్క కుదురుతది బిడ్డా. అక్షరం కనవడాలె గదా."

"కనవడకపోతే మళ్ల తీస్త" అన్నాను. అసలు పుస్తకాలే లేకపోతే దేన్ని చూసి మళ్లీ తీస్తానో ఆలోచించలేదు. డాక్టరమ్మ తొందరపెడుతోంది. మర్నాడే పాత కాగితాలు కొనే రద్దీ బండి వచ్చి తొమ్మిదింటినీ ఎత్తుకుపోయింది.

అయినా సిస్టర్ పట్టు వదలలేదు. ఉదయం కాన్పుల హడావిడి తగ్గాక ఒక్కో ఫొటో తెరిచి, అక్షరం తెలుస్తోందో లేదో చూసి, నోటుబుక్కులో టిక్కు పెడతానంది. ఆమె కోసం ఆరు వరుసల మెనూ చేశాను: రిజిస్టర్లు, రాత, పట్టిక, ప్రింటు, నకలు, బంద్. 'నకలు' నొక్కితే కంప్యూటర్లో ఉన్నవి పెన్‌డ్రైవులోకి వెళ్తాయి. ఇక్కడ ఎన్ని ఉంటే అక్కడా అన్నే ఉండేలా, ఇక్కడ లేనిది అక్కడ కూడా తొలగిపోయేలా పెట్టాను. రెండు చోట్లా లెక్క సమానంగా ఉండటం నాకు ముచ్చటగా ఉండేది.

ఫొటో మీద డబుల్ క్లిక్ చేస్తే చిత్రాలు చూపే చిన్న ప్రోగ్రాంతో తెరుచుకుంటుంది. ఫొటోలన్నీ అడ్డంగా పడ్డాయి. తిప్పినప్పుడల్లా అది భద్రపరచాలా అని అడిగేది.

"గిదేంది నర్సింగ్, మాటిమాటికి అడుగుతది? నాకు గాబరైతది."

ఒక్కో ప్రశ్నకు మూడు సెకండ్లు. 1,152 సార్లయితే యాభై ఏడు నిమిషాల ముప్పై ఆరు సెకండ్లు. ప్రోగ్రాం ఎంపికల్లోకి వెళ్లి ఆ ప్రశ్న తీసేశాను. దాని కిందనే ఇంకో టిక్కు ఉంది: చిత్రాన్ని తొలగించే ముందు అడగాలి. ఎలాగూ వచ్చాను కదా అని దాన్నీ తీసేశాను. ఆమె దాని గురించి అడగలేదు. ఎవరూ అడగలేదు. హార్డ్ డిస్కు చిన్నది, నిండిపోతోందని చెత్తబుట్టను అంతకుముందే తీసేశాను. ఇక ఆ కంప్యూటర్లో తొలగించమంటే తొలగించడమే.

యాభై ఎనిమిది టిక్కులు

వారం తర్వాత వెళ్లాను. సిస్టర్ నోటుబుక్కు నా ముందు పెట్టింది. మొదటి రెండు రిజిస్టర్లూ పూర్తయ్యాయి. మూడోదాంట్లో ఎనభై ఎనిమిదో పేజీ దాకా టిక్కులున్నాయి. పక్కన 'అన్నీ బాగున్నవి' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

మూడో రిజిస్టరు తెరిచాను. ముప్పై తర్వాత ఎనభై తొమ్మిది వచ్చింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. ముప్పై. ఎనభై తొమ్మిది.

"సిస్టర్, పేజీలు ఎట్ల తిప్పినరు?"

"గీ బాణం గుర్తుతోనే. మొన్న సంది అది పనిజేస్తలేదు. అన్నీ నొక్కి చూసిన. దాని మీదున్నది నొక్కితే తిరిగింది."

బాణాల పైన ఉన్నది డిలీట్ మీట. ఆ ప్రోగ్రాంలో దాన్ని నొక్కితే తెరమీదున్న చిత్రం పోయి, తర్వాతిది దానంతటదే వస్తుంది. చూసేవాళ్లకు పేజీ తిరిగినట్టే ఉంటుంది. ఆమె ఒక పేజీ శ్రద్ధగా చూసేది, టిక్కు పెట్టేది, ఆ మీట నొక్కేది. పోతూ వచ్చిన ప్రతి పేజీనీ చివరిసారి చదివిన మనిషి ఆమే.

"రోజూ నకలు నొక్కినరా?"

"నొక్కకుంటెట్ల? నువ్వు జెప్పినవ్ గదా. ఒక్కరోజు మర్వలే."

పెన్‌డ్రైవు పెట్టి చూశాను. లెక్క సమానంగానే ఉంది. అక్కడా యాభై ఎనిమిది లేవు. ఫొటోలు తీసిన కెమెరాలోవి నేనే ఎప్పుడో తుడిచేశాను.

హార్డ్ డిస్కు విప్పి ఇంటికి తెచ్చి, తొలగించిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం నాలుగు రోజులు నడిపాను. డిస్కు చిన్నది కాబట్టి ఖాళీ అయిన చోటల్లా కొత్తవి రాసేసింది. మూడు పేజీల పైభాగాలు మాత్రం దొరికాయి. పదకొండు వరుసలు.

డాక్టరమ్మకు ఏం చెప్పానో కూడా రాయాలి. "సిస్టర్ డిలీట్ నొక్కిందండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆ మీటను నొక్కితే ప్రశ్న రాకుండా చేసింది నేనని చెప్పలేదు, అంతే. డాక్టరమ్మ సిస్టర్ని ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి రికార్డుల గదిలో కొత్తమ్మాయి కూర్చుంది. సిస్టర్ ఇంటికి వెళ్లిపోయింది. పోయే ముందు నా దుకాణానికి వచ్చి నాకే క్షమాపణ చెప్పింది.

"నీ కష్టమంత పాడు జేసిన బిడ్డా" అంది. నేను "పర్వాలేదు సిస్టర్" అన్నాను. నా వృత్తిలో నేను ఆడిన మాటలన్నింటిలో అంత చెడ్డ మాట ఇంకొకటి లేదు.

2536

ఆరు నెలల తర్వాత యాదమ్మ వచ్చింది. ఒక ఆఫీసులో ఊడ్చే పని ఆమెది, పర్మనెంటు ఉద్యోగం. చేరిన రోజు అక్కడి గుమాస్తా ఆమె మొహం చూసి అందాజుగా వయసు కట్టి పుట్టిన తేదీ రాసుకున్నాడు. వయసు ఎక్కువ పడిందని ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఇప్పుడు రిటైర్మెంట్ దగ్గరపడింది. పుట్టిన ఆసుపత్రి రిజిస్టరు నకలు తెస్తే పైకి రాసి చూస్తానని ఆఫీసరు అన్నాడట. ఆసుపత్రికి వెళ్తే నా దగ్గరికి పంపారు.

కొంగుముడి విప్పి ఒక అట్ట చీటీ ఇచ్చింది. కాన్పు రోజున ఆసుపత్రి వాళ్లు తల్లికి ఇచ్చే చీటీ. ఎప్పుడో ఇంట్లోకి వాన నీళ్లొచ్చి తడిసింది. పేరు లేదు, తేదీ లేదు. నంబరు ఒక్కటే మిగిలింది: 2536.

నాకు కూడిక అవసరం లేకపోయింది. అరవై ఒకటో పేజీ, చివరి వరుస.

"ఉన్నదా అన్నా?"

"లేదమ్మా."

"మళ్ల ఒకపారి చూడరాదె. ఇంక మూడేళ్లు కొల్వు జేస్తే చిన్నపిల్ల చదువు ఒడుస్తది."

చూసినా లేదని నాకు తెలుసు. అయినా ఆమె ముందు తెరిచి చూపించాను. ముప్పై. ఎనభై తొమ్మిది. తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. ముప్పయ్యో పేజీ చివరి తేదీకీ ఎనభై తొమ్మిదో పేజీ మొదటి తేదీకీ మధ్య 411 రోజులు. 2288 నుంచి 2753కి 465 అంగలు. ఈమెది 248వ అంగ. అంటే రెండు వందల పంతొమ్మిదో రోజు, అటూ ఇటూ పది రోజులు. గుమాస్తా రాసినదానికి మూడేళ్ల రెండు నెలలు చిన్నది. నేను ఎన్నో లెక్కలు వేశాను గానీ అంత జాగ్రత్తగా ఇంకొకటి వేయలేదు. దాన్ని ప్రింటు తీసి, ఆమెతో కలిసి ఆఫీసుకు వెళ్లాను.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాగితం మొత్తం చదివాడు.

"లెక్క మంచిగనే ఉన్నది. కానీ ఈ చీటీ ఈమెదే అని ఎట్ల తెలుస్తది? పేరెక్కడుంది?"

"రిజిస్టరులో ఉండె సార్."

"అది తెండ్రి మరి."

"అది పోయింది సార్."

"ఎట్ల పోయింది?"

యాదమ్మ నావైపు చూసింది. అప్పుడు చెప్పాను, మొత్తం. ప్రశ్న తీసేసిన సంగతి, చెత్తబుట్ట, నకలు, రద్దీ బండి. నేను ఎవరి ముందైనా మొదటిసారి చెప్పడం అదే. ఆఫీసరు కాగితం నాకు తిరిగిచ్చి, "నేను లెక్కను ఫైల్ల పెట్టలేను. రిజిస్టరే కావాలె" అన్నాడు.

బయటికి వచ్చాక యాదమ్మ మెట్ల మీద కూర్చుని చీటీని మళ్లీ కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత, "గదేందో అడిగేది ఉంటదంటివి గదా. అది తీసెయ్యకపోతే నా పేజీ ఉండునా?" అని అడిగింది.

"ఉంటుండె" అన్నాను.

గుమాస్తా రాసిన తేదీ ప్రకారమే ఆమె రిటైరైంది.

సిస్టర్ ఇంట్లో

ఆఫీసు నుంచి వచ్చిన రోజే డాక్టరమ్మకు చెప్పి, అక్కడి నుంచి మరియమ్మ సిస్టర్ ఇంటికి వెళ్లాను. అంతా విని ఆమె అడిగింది:

"నేను నీ దుకాణానికొచ్చి ఎన్ని రోజులాయె? లెక్కలోడివి గదా, జెప్పు."

"నూట ఎనభై ఏడు సిస్టర్."

"గన్ని రోజులు నా వేలును నేనే తిట్టుకున్న."

టీ ఇవ్వలేదు. లేచి వచ్చేస్తుంటే, "ఏం జేద్దామనుకుంటున్నవ్ మరి?" అంది. తెలియదన్నాను. "అట్ట చీటీలు చాన ఇండ్లల్ల ఉంటయి. ఆ కాలపు తల్లులు పారెయ్యరు. ఏ ఇల్లు ఏడున్నదో నాకెరుక. సైకిల్ మోటర్ తీస్కరా, మెల్లగ నడుపు" అంది.

అలా మొదలుపెట్టాం. ఆదివారాలు ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని గల్లీ గల్లీ తిరిగాం. నంబరు, పేరు, తేదీ మూడూ ఉన్న చీటీలే లెక్కలోకి తీసుకున్నాం. డాక్టరమ్మ వాటికి కొత్త రిజిస్టరు పెట్టి ముద్ర వేసి ఇస్తోంది. ఇప్పటికి 156 దొరికాయి. డిస్కులో దొరికిన పదకొండుతో కలిపి 167.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగినది ఇంతే. మెనూ చిన్నది చేయండి, తప్పులేదు. ఏ ఫైలు దేనితో తెరుచుకోవాలో పట్టికలో మీరే రాయండి, కంప్యూటర్‌కు వదలకండి. కానీ అది అడిగే ప్రశ్నను తీసేసేముందు దానికి జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో చూడండి. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, అది లేకుండా ఒక పూట పని చేయించండి. నకలులో ఇక్కడ పోయినది అక్కడ పోకూడదు. రెండు చోట్లా లెక్క సమానంగా ఉంటే సంతోషించకండి.

ఇది రాసినంత మాత్రాన నేను మారానని కాదు. మొన్న యాదమ్మ వచ్చింది. దొరకవలసిన నంబర్లన్నీ మూసేసిన దుకాణం గోడ మీద కాగితాలపై రాసి పెట్టాను. దొరికినవాటికి పక్కన పేరు రాస్తాను. ఆమె చదువుకోలేదు గానీ చీటీ మీది నాలుగు అంకెలూ ఆమెకు గుర్తే. కాగితాల వెంట వేలు పెట్టి వెతికి, ఒక చోట ఆగింది.

"నా నంబర్ మీద గీత ఉన్నదేంది అన్నా? దొరికిందా?"

"దొరకలేదమ్మా. నీ రిటైర్మెంట్ అయిపాయె గదా, ఇంక దొరికినా పనికి రాదని కొట్టేసిన."

ఆమె వేలు తీయలేదు.

"నన్నడిగినవా?"

నేను తెల్ల కాగితం కోసం బల్ల సొరుగు తెరిచాను.

"పనికి రాకుంటే నేను పుట్టనట్టేనా?" అంది మెల్లగా.

గీత మీద తెల్ల కాగితం ముక్క అంటించి, ఆమె చూస్తుండగా 2536 అని మళ్లీ రాశాను. కింద 296 అని ఉన్న మొత్తాన్ని కొట్టేయాల్సి వచ్చింది. కలం ఆపి ఆమెను అడిగాను. కొట్టేయమంది.

ఇవాళ్టికి ఇవ్వవలసినవి 297.